కాగితం అడిగే దవాఖానలో మొదట ఆగేది మనమే

నిజామాబాద్‌లో ఒక సర్కారు దవాఖాన. సోమవారం పొద్దున ఓపీ చీటీల వరుస వరండా దాటి గేటు దాకా వచ్చింది. నా ముందున్న పిలగాడు వెనక్కి తిరిగి "సార్, మంచిగున్నరా" అన్నాడు. నా దగ్గర ఐదో తరగతి చదివినవాడు, ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం. తల్లికి షుగర్, కాలి పుండు మానడం లేదు. ఆమెను గోడ నీడలో కూర్చోబెట్టి తాను వరుసలో నిలబడ్డాడు.

కాసేపయ్యాక గొంతు తగ్గించి అన్నాడు. "ఈ లైన్ల సగం మంది మనోళ్లు కాదు సార్. అటు మహారాష్ట్రోళ్లు, ఇటు బీహారోళ్లు. బంగ్లాదేశోళ్లు గూడ దొంగతనంగ వచ్చి ఈడనే ఉంటున్నరంట. మందులన్ని వాళ్లకే పోతున్నయి. ఇగ మనకేం మిగుల్తయి?" ఫోన్ తీసి ఒక వీడియో కూడా చూపించాడు. ఏ ఊరిదో, ఎప్పటిదో తెలియని వీడియో అది. కింద మాత్రం మన జిల్లా పేరు రాసి ఉంది.

గంట తర్వాత అతని వంతు వచ్చింది. తల్లి పేరు ఆధార్‌లో ఒక తీరుగా, రేషన్ కార్డులో ఇంకో తీరుగా ఉంది. ఆరోగ్యశ్రీ కింద చేర్చుకోవడం కుదరదు, మీసేవకు పోయి సరిచేయించుకుని రండి అన్నారు. ఆమె పుట్టింది ఈ జిల్లాలోనే. ఆమె అవ్వ పుట్టింది కూడా ఇక్కడే. అయినా ఆ పూట ఆ కౌంటర్ లెక్కలో బయటి మనిషి అయింది ఆమే. కొడుకు తల్లిని పట్టుకుని గేటు దాటుతూ మళ్లీ ఆ బయటోళ్లనే తిట్టాడు.

వరుసలో నేనేమీ అనలేదు. నలుగురి ముందు పిలగాణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఈ మాట వాడొక్కడిదే కాదు. మన యువజన సంఘాల సమావేశాల్లో విన్నాను, టీచర్ల గదిలో విన్నాను. అందుకే రాస్తున్నాను. ఇది తప్పు మాట. పైగా మన నోట రాకూడని మాట.

వాళ్ల చేతిలో ఉన్న బలమైన ముక్కతోనే మొదలుపెడదాం. 2021 మొదట్లో శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు బంగ్లాదేశీయులు పట్టుబడ్డారు. వాళ్ల దగ్గరున్నవి భారత పాస్‌పోర్టులు, వాటి మీద ఉన్నవి బోధన్ చిరునామాలు. సైబరాబాద్ పోలీసులు ఆ తీగ లాగితే బోధన్ పేరు మీద ఇట్లాంటి పాస్‌పోర్టులు 72 తేలాయి. గుప్పెడు ఇండ్ల నంబర్లనే మళ్లీ మళ్లీ వాడారు. అరెస్టయిన వాళ్లలో పోలీసు సిబ్బంది కూడా ఉన్నారు. ఇంటికి వచ్చి చూసి, మనిషి ఉన్నాడని రాయాల్సిన వాళ్లు వాళ్లే. ఇది కట్టుకథ కాదు, చిన్న నేరమూ కాదు. బోధన్ పేరు దేశమంతా చెడ్డది అప్పుడే.

కానీ ఆ కేసులో ఉన్నదేమిటో ఒక్కసారి చూడండి. ఆ పాస్‌పోర్టులు విమానం ఎక్కడానికి తీసుకున్నవి. వాళ్లకు బోధన్ దవాఖాన అక్కరలేదు, బోధన్ బడి అక్కరలేదు. ఒక ఇంటి నంబరు, ఒక సంతకం చాలు. ఆ సంతకానికి ధర కట్టినవాళ్లు మనలోనే ఉన్నారు. ఇంకో సంగతి. ఆ 72 మందికీ కాగితాలు ఉన్నాయి. ఆధార్ ఉంది, పాస్‌పోర్టు ఉంది, పోలీసు విచారణ కూడా అయింది. మా పిలగాడి తల్లికి మాత్రం ఒక అక్షరం తేడా వచ్చింది. ఎక్కడెక్కడ కాగితం గట్టిగా అడుగుతారో అక్కడ పైసలున్నవాడు లోపలికి పోతాడు, పైసలు లేనివాడు మెట్ల మీద కూర్చుంటాడు. వాడు ఏ దేశం వాడన్నది తర్వాతి మాట.

అసలు ఆధార్ పౌరసత్వానికి రుజువే కాదు. 2016 ఆధార్ చట్టమే ఆ మాట చెబుతుంది. అర్జీకి ముందు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్న మనిషికి ఆ నంబరు ఇవ్వొచ్చు, అతను విదేశీయుడైనా సరే. అంటే దవాఖాన కౌంటర్ దగ్గర ఆధార్ అడిగితే సరిహద్దు దాటి వచ్చినవాడు దొరకడు. దొరికేది వేలిముద్ర అరిగిపోయిన ముసలవ్వ, పెండ్లయి ఇంటిపేరు మారిన కోడలు, పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని రాయించుకున్న మన తాత. 2018 ఫిబ్రవరిలో హర్యానాలోని గురుగ్రామ్‌లో ఆధార్ చూపలేదని స్కానింగ్ చేయక, ఒక గర్భిణి వార్డు బయట ప్రసవించిందని పేపర్లలో వచ్చింది. అప్పుడు ఆధార్ సంస్థే స్వయంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది, ఆధార్ లేదని వైద్యం ఆపడానికి వీల్లేదని.

బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. అక్రమంగా వచ్చినవాళ్లను ఏరివేస్తామని అక్కడ ఉద్యోగం దగ్గర, అద్దె ఇంటి దగ్గర, దవాఖాన దగ్గర కాగితాలు అడిగే నియమాలు పెట్టారు. అందులో చిక్కుకున్నది ఎవరు? 1948 తర్వాత కరేబియన్ దీవుల నుంచి పిలిస్తే వచ్చిన నల్లవాళ్ల పిల్లలు. సక్రమంగా వచ్చి, 40, 50 ఏళ్లు అక్కడే పన్నులు కట్టినవాళ్లు. వచ్చినప్పుడు వాళ్లకు ఎవరూ కాగితం ఇవ్వలేదు, అంతే. కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం ఆగింది, కొందరిని ఏకంగా దేశం దాటించారు. 2018లో అది విండ్‌రష్ కుంభకోణం పేరుతో బయటపడి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. దొంగ కోసం వేసిన వలలో కాగితం లేని సొంత మనిషి పడ్డాడు. మన దేశంలో కాగితం లేని సొంత మనుషులు ఎవరో వేరే చెప్పాలా?

ఇప్పుడు మన వరుసలోని మహారాష్ట్రోళ్ల సంగతి.

కొన్నేళ్ల కింద, చెరుకు నరికే కాలం. బోధన్ పక్కన మేము పనిచేసే బడికి కూతవేటు దూరంలో టోలీ గుడిసెలు వేసుకుంది. ఒక రాత్రి వాళ్ల ముకద్దం నా గది తలుపు కొట్టాడు. ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి, 108కు ఫోన్ చేస్తే తెలుగులో అడుగుతున్నారు, చెప్పడం రావడం లేదు అన్నాడు. బండి వచ్చింది. నేనూ ఎక్కాను. దవాఖాన పేరు ఎందుకులే. కౌంటర్ దగ్గర నిద్రకండ్లతో ఉన్న మనిషి ఆధార్ అడిగాడు, తల్లీబిడ్డ కార్డు అడిగాడు. మరాఠీ ఆధార్ చూసి, "మీ రాష్ట్రంల చూపించుకోవాలె గదా, నెలలు నిండినంక ఈడికెందుకు వచ్చిన్రు" అన్నాడు. ఆమె బెంచీ మీద పంటి బిగువున కూర్చుంది. ఏదో గొణిగింది. అది మరాఠీ కాదు, గోండి. మా ఇంట్లో మాట.

ఏ ఊరు అక్కా అని గోండిలో అడిగాను. కిన్వట్ అవతల ఊరు. ఏ సగ అని అడిగాను. ఏడు దేవుళ్లు అంది. మాదీ ఏడు దేవుళ్లే. మన రీతి ప్రకారం నాకు ఆమె తోడబుట్టిన దాని కింద లెక్క. ఆ రాత్రి ఆ సంగతి ఎవరికి చెప్పాలి, ఏ ఫారంలో రాయాలి?

చివరికి లోపలి నుంచి వచ్చిన ఒక సిస్టర్ కేకేసింది. "ముందు మంచమెక్కనియ్యున్రి, కాగితాలు పొద్దున చూస్కుందాం." ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. మధ్యలో పోయింది ముప్పావుగంట. కాన్పులో ముప్పావుగంట అంటే ఏమిటో అమ్మలను అడగండి.

కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల లెక్కన పంచినప్పుడు మరాఠీ పేరు మీద కిన్వట్ అటు పోయింది, తెలుగు పేరు మీద ఉట్నూరు ఇటు ఉండిపోయింది. గోండి మాట్లాడేవాళ్లు, కొలామీ మాట్లాడేవాళ్లు ఎటు అని ఎవరూ అడగలేదు. గీత అటూ ఇటూ మన పెండ్లిళ్లు ఆగలేదు, కేస్లాపూర్ నాగోబా జాతరకు ఇప్పటికీ అటు నుంచి బండ్లు వస్తాయి. ఆ గీతను మనం గీయలేదు. దాన్ని తెచ్చి ఓపీ వరుసలో మనమే గీస్తే ఎట్లా?

చెరుకు నరికే ఆడవాళ్లు మన దవాఖానలను తినేస్తున్నారనే మాటకు ఇంకో జవాబు ఉంది. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ బీడ్ జిల్లాలో 82,309 మంది చెరుకు కూలీ స్త్రీలను విచారించింది. వాళ్లలో 13,861 మందికి గర్భసంచి తీసేసి ఉంది. పనికి రాని రోజుకు జరిమానా పడుతుంది, నెలసరి నొప్పి, తెల్లబట్ట అంటే పని ఆగుతుంది. ప్రైవేటు డాక్టర్లు క్యాన్సర్ అని భయపెట్టి కోసేశారని చాలామంది స్త్రీలు చెప్పుకున్నారు. సర్కారు దవాఖాన వాళ్లకు అందుబాటులో ఉండి ఉంటే, రెండు రూపాయల గోలీతో పోయే జబ్బుకు అప్పు చేసి కడుపు కోయించుకునేవారా? వైద్యాన్ని వాళ్లు తినలేదు. వైద్యమే వాళ్లను తిన్నది.

కాబట్టి వరుస పొడుగు ఎందుకైందో వేరేచోట వెతకాలి. బరువు లేదని నేను అనను. ఉంది. బోధన్ ఏరియా దవాఖానకు సాలూర దాటి బిలోలి, ధర్మాబాద్ వైపు నుంచి జనం వస్తారు. వరినాట్లకు బీహార్, బెంగాల్ నుంచి టోలీలు దిగుతాయి. ఆ బెంగాల్ కూలీలు మాట్లాడేది బంగ్లా కనుక ఊళ్లో వాళ్లందరి పేరూ బంగ్లాదేశోళ్లే. రైసు మిల్లుల్లో హమాలీలు వాళ్లే. ఇంతమంది వస్తే మందుల డబ్బా తొందరగా ఖాళీ అవుతుంది, నిజమే. కానీ ఆ డబ్బాలో ఎన్ని గోలీలు వెయ్యాలో ఏ లెక్కన తేల్చారు? చివరి జనాభా లెక్క 2011ది. 2021లో జరగాల్సింది జరగలేదు, ఇప్పుడు 2027 అంటున్నారు. అంటే దవాఖానకు తెలిసిన ఊరు 2011 నాటి ఊరు. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న నా విద్యార్థులకు ఇప్పుడు పెండ్లిళ్లు అవుతున్నాయి.

ఉన్న లెక్క ప్రకారం అయినా ఇచ్చారా అంటే అదీ లేదు. మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని నియమం. మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, ఐటీడీఏ లేదు. మన గూడేలు, తండాల దూరం ఆ లెక్కలోకి ఎక్కడమే కష్టం. దేశం మొత్తం మీద గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టు డాక్టర్లలో దాదాపు 80 శాతం లేరని 2021-22 ప్రభుత్వ గణాంకాలే చెప్పాయి. ప్రతి 5 కుర్చీల్లో 4 ఖాళీ. ఆ కుర్చీలు ఖాళీ చేసింది బంగ్లాదేశోడు కాదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు దేశ ఆదాయంలో 2.5 శాతం చేస్తామంది. ఆ గడువు దాటిపోయింది, ఆ గీత అందలేదు. దీని మీద మాత్రం వాట్సాప్‌లో వీడియో రాదు.

ఇంకో ఖాతా కూడా తెరవాలి. కూలీని ఇంకో రాష్ట్రం నుంచి తెచ్చిన కాంట్రాక్టర్ అతనికి ఉచితంగా వైద్య సదుపాయం కల్పించాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. ఆ చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. ఇన్నేళ్లలో బట్టీ మీద, చెరుకు తోట దగ్గర ఒక గోలీ డబ్బా పెట్టిన కాంట్రాక్టర్‌ను నేను చూడలేదు. అంటే అతను పెట్టాల్సిన ఖర్చు సర్కారు దవాఖాన మీద పడుతోంది, మిగిలిన పైసలు అతని జేబులో ఉన్నాయి, తిట్లు మాత్రం వరుసలో నిలబడ్డ కూలీకి. శక్కర్‌నగర్ సంగతి కూడా అంతే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతబడింది. జీతం ఆగిన కుటుంబం ప్రైవేటు నర్సింగ్ హోం మెట్లు ఎక్కగలదా? సర్కారు దవాఖాన వరుసలోకే వస్తుంది. వరుస పెంచిన వాళ్ల పేర్లు రాయాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

టీచర్లకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. ఒక ఏడాది మా బడిలో తట్టు లేచింది. ఒకటి రెండు తరగతుల్లో ఆరుగురికి ఒంటి మీద ఎర్రగా పోసింది. విచారిస్తే మొదట వచ్చింది ఇటుక బట్టీ దగ్గరి పిల్లలకు. వాళ్లకు టీకాలు పడలేదు. ఎందుకు పడలేదంటే ఏఎన్ఎం రిజిస్టర్‌లో వాళ్ల పేర్లు లేవు. ఆమెను అని లాభం లేదు, ఇంటింటి సర్వే చేసినప్పుడు వాళ్లు ఇక్కడ లేరు. సొంతూళ్లో సర్వే చేసినప్పుడు అక్కడా లేరు. బట్టీ పిల్లలను వెతికి టీకా వెయ్యడానికే 2014 డిసెంబరులో మిషన్ ఇంద్రధనుష్ అని పెట్టారు, కానీ రిజిస్టర్ రాసే చెయ్యి ఒకటే, తిరగాల్సిన ఊళ్లు ఏడు. తట్టు చాలా తొందరగా అంటుకునే జబ్బు. నూటికి 95 మందికి టీకా పడితేనే అది ఆగుతుంది. ఆ మిగిలినవాళ్లంతా ఒకే బట్టీ మీద పోగైతే మొత్తం ఊరికి ప్రమాదం. బట్టీ పిల్లవాడికి టీకా వెయ్యడం వాడి మీద దయ చూపడం అనుకుంటాం. నా తరగతిలో మొదటి బెంచీ పిల్ల కూడా ఆ టీకా మీదనే ఆధారపడి ఉంది. టీబీ కూడా ఇంతే. కాగితం అడుగుతారని భయపడి ఆర్నెల్ల మందులు రెండు నెలలకే ఆపినవాడు మొండి టీబీని వెంట పెట్టుకుని అదే బస్సులో మన పక్కన కూర్చుంటాడు.

చట్టం ఏమంటుందని అడిగే తమ్ముళ్లకు రెండు తీర్పులు. 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే సర్కారు దవాఖానలు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని పంపేశాయి. కూలీ సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 1996లో కోర్టు చెప్పింది, అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణం ఇచ్చిన ప్రాణ హక్కును భంగపరచడమేనని. అదే 1996లో అరుణాచల్ ప్రదేశ్ చక్మాల కేసు వచ్చింది. చక్మాలు తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, కప్తాయ్ డ్యామ్ కింద ఊళ్లు మునిగి వచ్చిన ఆదివాసులు. వెళ్లిపొమ్మని అక్కడి వాళ్లు బెదిరిస్తే, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ రాజ్యం కాపాడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 21వ అధికరణంలో ఉన్న మాట వ్యక్తి అని, పౌరుడు అని కాదు. దొంగతనంగా సరిహద్దు దాటినవాణ్ణి పట్టుకోవడం సరిహద్దు దళం పని, పోలీసు పని, కోర్టు పని. ఓపీ చీటీ రాసే మనిషి పని కాదు.

ఇక ఖల్లివెల్లి సంగతి. ఈ మాట అర్థం నిజామాబాద్ జిల్లాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. గల్ఫ్‌లో యజమాని దగ్గరి నుంచి పారిపోయి, పత్రాలు లేకుండా దాక్కుని పనిచేసేవాడు ఖల్లివెల్లి. ఇంగ్లీషు పేపర్ భాషలో చెప్పాలంటే అక్రమ వలసదారు. వీళ్లలో మన తండాల పిల్లలు ఎంతమంది లేరు? నా విద్యార్థి ఒకడు దుబాయ్‌లో అట్లా మూడేండ్లు ఉన్నాడు. కట్టడం పని, ఎండ. మూత్రం మంట, కాళ్ల వాపు. దవాఖానకు పోతే ఐడీ అడుగుతారని, పట్టిస్తారని పోలేదు. రూంలో ఎవరి పేరు మీదో తెచ్చిన గోలీలు మింగాడు. 2018లో ఆ దేశం ఆమ్నెస్టీ ప్రకటిస్తే బయటపడి ఇంటికి వచ్చాడు. వచ్చేనాటికి కిడ్నీలు సగం పోయాయి. వాడు డయాలసిస్ మంచం మీద పడుకున్నప్పుడు, వాణ్ణి అక్కడ ఒక్క డాక్టరైనా కాగితం అడగకుండా చూసి ఉంటే అని ఏడ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పుడు బయటోళ్లకు మందులివ్వొద్దనే మన తమ్ముళ్లూ ఉన్నారు.

కువైట్‌లో 2013లో జహ్రా దవాఖానలో పొద్దున ఓపీ కువైటీలకు, పరాయివాళ్లకు సాయంత్రం అని విడగొట్టారు. 2017 అక్టోబరు నుంచి పరాయివాళ్లకు సర్కారు దవాఖాన ఫీజులు పెంచారు. వాళ్ల వల్లే మా దవాఖానలు నిండిపోయాయని అక్కడి చట్టసభలో ప్రసంగాలు చేశారు. ఆ ప్రసంగాల్లో పరాయివాడు అంటే మన ఆర్మూర్ వాడు, మన బోధన్ వాడు, మన కమ్మర్‌పల్లి వాడు. ఓపీ వరుసలో మా పిలగాడు నాతో అన్న మాటలను అరబ్బీలోకి మారిస్తే సరిగ్గా ఆ ప్రసంగమే అవుతుంది.

ఇప్పుడు రాయబోయేది మనలోనే కొందరికి కోపం తెప్పిస్తుంది. ఈ పుస్తకం చదివే వాళ్లలో కోయ, గోండు పిల్లలున్నారు, లంబాడా పిల్లలూ ఉన్నారు. మహారాష్ట్రలో లంబాడాలు విముక్త జాతుల జాబితాలో ఉంటారు, ఇక్కడ 1976 చట్టంతో ఎస్టీలయ్యారు. ఆ కారణంగా అటు నుంచి వచ్చి ఇక్కడ సర్టిఫికెట్ తీసుకుంటున్నారన్నది ఆదివాసీ సంఘాల ఆరోపణ. 2017 డిసెంబరులో ఆదిలాబాద్ ఎంత మండిందో చూశాం. ఆ తగాదాలో నాకూ ఒక అభిప్రాయం ఉంది, దాచుకోను. సర్టిఫికెట్ ఎవరికి, ఉద్యోగం ఎవరికి అన్నది తేలాల్సిందే. అది తేలే చోటు కోర్టు, పార్లమెంటు. పీహెచ్‌సీ మెట్ల మీద కాదు. ఉద్యోగం ఒకరికి పోతే ఇంకొకరికి రాదు. ఒక పిల్లవాడి మలేరియా తగ్గితే ఇంకో పిల్లవాడి మలేరియా పెరగదు, తగ్గుతుంది. ఈ రెండింటినీ ఒక్క గాటన కట్టి మాట్లాడే నాయకుణ్ణి, వాడు మన వాడైనా సరే, నేను నమ్మను.

గొత్తికోయల సంగతి ఇంకా దగ్గరిది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు కాలి, ప్రాణాలు చేతపట్టుకుని ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చిన మన జాతివాళ్లు వాళ్లు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధం అంది. కానీ ఊరు వదిలి వచ్చినవాళ్లకు ఇక్కడ చాలాచోట్ల ఎస్టీ సర్టిఫికెట్ లేదు, పట్టా లేదు, కొందరికి రేషన్ కార్డు కూడా లేదు. రేషన్ కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ లేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలో జలగలంచ గుడిసెలు కూల్చినప్పుడు, 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి హత్య జరిగాక బెండాలపాడు పంచాయతీ గొత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని తీర్మానం చేసినప్పుడు వినిపించిన మాట ఒకటే: వీళ్లు బయటోళ్లు. హత్య చేసినవాళ్లకు శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఊళ్లో చంటిపిల్లకు జ్వరం వస్తే ఆ తీర్మానం ఏం చేస్తుంది? బయటోడికి మందు వద్దు అనే నియమం బోధన్‌లో బెంగాల్ కూలీ మీద మొదలైతే, భద్రాచలం చేరేసరికి అది ఆదివాసీ మీదనే వాడే నియమం అవుతుంది.

నవంబరులో టోలీలు మళ్లీ దిగుతాయి, బట్టీలు రాజుకుంటాయి. టీచర్లు ఒక పని చేయొచ్చు. బడి చుట్టూ ఎన్ని గుడిసెలు పడ్డాయో మొదటి వారంలోనే పోయి చూడండి. ఐదేండ్ల లోపు పిల్లల పేర్లు, గర్భిణుల పేర్లు, ఎన్నో నెలో ఒక నోటుబుక్కులో రాసి ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ఇవ్వండి. మేము మూడేండ్లుగా ఇస్తున్నాం, తీసుకోం అని వాళ్లు ఒక్కసారి కూడా అనలేదు. వాళ్లకు కావాల్సింది పేర్లే. ముకద్దం దగ్గర కాంట్రాక్టర్ ఫోన్ నంబరు తీసుకోండి, కార్మిక శాఖ ఆఫీసుకు ఒక అర్జీ పెట్టండి. పని జరగకపోయినా అర్జీ మీద ముద్ర పడుతుంది, మళ్లీ అడగడానికి పనికొస్తుంది. చదువుకున్న పిల్లలు కౌంటర్ పక్కన నిలబడండి. కాగితం లేదని ఎవరినైనా వెనక్కి పంపితే, ఆ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వమని మర్యాదగా అడగండి. రాసిచ్చిన మనిషి నాకు ఇంతవరకు కనబడలేదు. అడిగాక లోపలికి పంపినవాళ్లు కనబడ్డారు.

మా పిలగాడి తల్లి పేరు సవరణ ఇంకా రాలేదు, మీసేవలో రెండుసార్లు అర్జీ పెట్టాడు. ఈలోగా పుండుకు కట్టు కట్టించడానికి వారానికి రెండు పొద్దులు ఆమెను ఇంకో సర్కారు దవాఖానకు తీసుకుపోతున్నాడు. మొన్న ఫోన్ చేస్తే చెప్పాడు, అక్కడ కట్టు కట్టే సిస్టర్ ఇప్పటిదాకా ఏ కార్డూ అడగలేదట. బెంచీ మీద తల్లి పక్కన ఎవరు కూర్చున్నారని అడిగాను. "ఎవలో బీహారాయన సార్, మిల్లుల బస్తా కాలు మీద పడ్డదంట" అన్నాడు.